షాప్ ఫ్లోర్‌కి గేటు: ఆర్డర్ రిలీజ్ ప్రాజెక్టు డైరీ

ముందున్న పరిస్థితి

మాది కస్టమర్ డ్రాయింగ్ పంపాకే పని మొదలయ్యే జాబ్ షాప్. ఒకే పార్టు మళ్లీ మళ్లీ రావడం తక్కువ. కటింగ్, టర్నింగ్, మిల్లింగ్, డ్రిల్లింగ్, హీట్ ట్రీట్‌మెంట్, గ్రైండింగ్ ఉన్నాయి, ఒక్కో ఆర్డర్‌ది ఒక్కో దారి. ఇప్పటిదాకా నడిచిన పద్ధతి చాలా తేలిక. డ్రాయింగ్ ఓకే అయి, మెటీరియల్ స్టోర్స్‌కి చేరగానే జాబ్ కార్డు ప్రింట్ తీసి ఫ్లోర్‌కి, అంటే మెషిన్లున్న చోటికి, పంపేయడమే. లోపలికంటూ వెళ్తే ఎప్పుడో ఒకప్పుడు అయిపోతుందన్న ధైర్యం.

ఈ పద్ధతిని మార్చడమే ప్రాజెక్టు. ఏ ఆర్డర్‌ను ఏ రోజు, ఫ్లోర్ మీద ఎంత పని ఉన్నప్పుడు వదలాలో లెక్క చూసి తేల్చాలి. కొత్త మెషిన్ కొనేది లేదు, కొత్త సాఫ్ట్‌వేర్ లేదు. ఒక స్ప్రెడ్‌షీట్, గోడ మీద ఒక బోర్డు, అంతే.

గ్రైండింగ్ ముందున్న కుప్పలోంచి ఒక షాఫ్ట్ ఆర్డర్ కార్డు బయటికి తీశాం. అంచులు ఆయిల్‌తో నల్లబడ్డాయి. మధ్యలో ఎర్రటి ‘అర్జెంట్’ ముద్ర, దాని పక్కన పెన్నుతో ‘వెరీ అర్జెంట్’. కింద మూలన ఎవరో ‘టుడే’ అని రాసి రెండు గీతలు కొట్టారు. ఆ ‘టుడే’ ఏ తారీఖో కార్డు మీద లేదు. మిగతా కార్డులు తిరగేస్తే ముద్ర లేనిది దొరకడమే గగనమైంది. షాఫ్ట్ మీద జరగాల్సిన మెషినింగ్ అంతా కలిపినా రెండు షిఫ్టులు దాటదు, ఆర్డర్ మాత్రం వారాల తరబడి లోపలే తిరుగుతోంది. మిగిలిన కాలమంతా అది పాలెట్ మీద కూర్చునే ఉంది.

ఎందుకు కూర్చుంటోంది

జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ఇక్కడ చాలావరకు సరిపోతుంది. ఫ్లోర్ మీద సగటున ఉన్న ఆర్డర్ల సంఖ్యను రోజుకు పూర్తయ్యే ఆర్డర్ల సంఖ్యతో భాగిస్తే, ఒక ఆర్డర్ లోపల ఉండే సగటు రోజులు వస్తాయి. లోపల 120 ఉండి రోజుకు 6 బయటికొస్తుంటే 20 రోజులు. లోపల 60 మాత్రమే ఉంచి, రోజుకు అదే 6 బయటికి తీయగలిగితే 10 రోజులు. ఏ మెషినూ వేగం పెంచలేదు, ఎవరూ ఓవర్‌టైమ్ చేయలేదు.

మెలిక అంతా ‘అదే 6 బయటికి తీయగలిగితే’ అన్న మాటలో ఉంది. లోపల పని మరీ తగ్గిస్తే ఏదో ఒక మెషిన్ ముందు క్యూ ఖాళీ అవుతుంది, రోజుకు 6 కాస్తా 5 అవుతుంది. మా పనంతా ఆ గీత ఎక్కడుందో వెతకడమే.

అసలు ఫ్లోర్ ఇంతలా ఎందుకు నిండిందంటే అదొక విషవలయం. ఆర్డర్లు లేటవుతాయి. ప్లానింగ్‌లో లీడ్ టైమ్ (ఆర్డర్ వదిలినప్పటి నుంచి పూర్తయ్యేదాకా ఇచ్చే కాలం) సరిపోవట్లేదని నాలుగు వారాలను ఆరు చేస్తారు. లీడ్ టైమ్ పెరిగింది కాబట్టి ఆర్డర్లు ఇంకా ముందే వదులుతారు. క్యూలు పెరుగుతాయి, మళ్లీ లేటు, ఈసారి ఆరు కాస్తా ఎనిమిది. ఇది మా ఒక్కరి జబ్బు కాదు. ఇన్‌పుట్‌నూ అవుట్‌పుట్‌నూ కలిపి అదుపు చేస్తేనే లీడ్ టైమ్ మన చేతిలోకి వస్తుందని ప్రొడక్షన్ ప్లానింగ్ నిపుణుడు ఆలివర్ వైట్ 1970లోనే రాశాడు. వచ్చేది పోయేదాని కంటే ఎక్కువైతే కుప్ప పెరుగుతుంది. ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు, కానీ రోజూ ఆ రెండు అంకెలు పక్కపక్కన రాసే అలవాటే మా షాపులో లేదు.

ఏ పద్ధతి

దీనిమీద ఎక్కువ కాలం గడపలేదు. వాడిన మేరకే మళ్లీ చేయించే కార్డుల పద్ధతి కాన్‌బాన్ తిరిగి తిరిగి వచ్చే పార్టులకు బాగుంటుంది, మాకు ప్రతి పార్టూ కొత్తదే. 1990లో స్పియర్‌మన్, వుడ్రఫ్, హాప్ ప్రతిపాదించిన కాన్‌విప్‌లో లోపలున్న ఆర్డర్ల సంఖ్యకు హద్దు పెడతారు. అది నచ్చింది కానీ, గంట పని ఉన్న బుష్షూ ముప్పై గంటల హౌసింగూ రెండూ ‘ఒకటి’గానే లెక్కకొస్తాయి. అన్నిటికంటే ఇరుకైన మెషిన్ వేగాన్ని బట్టి పని వదిలే డ్రమ్-బఫర్-రోప్‌కి ఆ ఇరుకు, అంటే బాటిల్‌నెక్, స్థిరంగా ఒకేచోట ఉండాలి. మా దగ్గర ఆర్డర్ల కలగలుపును బట్టి ఒక వారం గ్రైండింగ్ ఇరుకైతే మరో వారం మిల్లింగ్. రాజన్ సూరి పోల్కా పద్ధతిలో కార్డులు సెంటర్ల (ఒకే రకం పని చేసే మెషిన్ల చోట్ల) జతల మధ్య తిరుగుతాయి. ఆరు సెంటర్లంటే దిశతో సహా 30 జతలు, అన్ని రకాల కార్డులతో ఫ్లోర్ మీద ఎవరూ వేగలేరు.

అలా వర్క్‌లోడ్ కంట్రోల్ దగ్గర ఆగాం. ఇందులో హద్దు ఆర్డర్ల సంఖ్య మీద కాదు, ఒక్కో సెంటర్‌కి ఉన్న పని గంటల మీద. కొత్త ఆర్డర్ నేరుగా ఫ్లోర్‌కి పోదు, ముందు పూల్‌లో, అంటే వదలాల్సిన ఆర్డర్ల వరుసలో, ఆగుతుంది. దాని దారిలోని ప్రతి సెంటర్‌లోనూ చోటు ఉంటేనే వదులుతారు. ఇదే మా గేటు. ఈ ఆలోచనకు ఇంగ్లండ్‌లో లాంకాస్టర్, జర్మనీలో హనోవర్, నెదర్లాండ్స్‌లో గ్రోనింగెన్ ప్రధాన కేంద్రాలు. తేడాలున్నది లోడ్‌ను లెక్కకట్టే తీరులో.

గంటలు ఎవరిని అడగాలి

గంటల్లో హద్దు పెట్టాలంటే ముందు గంటలు తెలియాలి. రూటింగ్ షీట్లు (ఆర్డర్ వెళ్లే దారి, ఒక్కోచోట పట్టే గంటలు రాసినవి) తెరిస్తే చాలా ఆపరేషన్లకు ఒకే అంకె ఉంది: 8. ఎవరో ఒకప్పుడు ఖాళీ వదలడం ఇష్టంలేక షిఫ్టు గంటలు వేసేశారు, తర్వాతివాళ్లు అదే కాపీ చేస్తూ పోయారు.

టైమ్ స్టడీ చేయాలన్న సలహా వచ్చింది. వద్దన్నాను. రిలీజ్ నిర్ణయానికి నిమిషాల లెక్క అక్కర్లేదు. ఒక సెంటర్ మీదున్న పదీ పదిహేను ఆర్డర్ల గంటలను కూడినప్పుడు, ఒక్కోదాని అంచనాలో ఉన్న హెచ్చుతగ్గులు చాలావరకు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. అందరూ ఒకే వైపు తప్పుగా చెప్పకపోతే చాలు. అందుకని డ్రాయింగులు పట్టుకుని మెషిన్ దగ్గరికే వెళ్లాం. టర్నింగ్‌లో సీనియర్ ఆపరేటర్ డ్రాయింగ్ చేతిలోకి తీసుకుని, “సెటప్‌కి గంట, పీసుకి పన్నెండు నిమిషాలు. కానీ సార్, ఈ మెటీరియల్‌కి ఇన్సర్ట్‌లు త్వరగా పోతాయి, పదిహేను వేసుకోండి” అన్నాడు. సెటప్‌ను విడిగా, పీసు టైమ్‌ను విడిగా రాసుకోవడం అప్పటి నుంచే మొదలుపెట్టాం. బ్యాచ్ సైజు మారినా అంచనా నిలుస్తోంది.

హీట్ ట్రీట్‌మెంట్‌కి ఈ లెక్క పనికిరాదు. ఫర్నేస్‌లో ఒక పీసు పెట్టినా నలభై పెట్టినా సైకిల్ అదే. అందుకని దానికి గంటల హద్దు పెట్టలేదు, దారిలో వచ్చే స్థిరమైన ఆలస్యంగా మాత్రమే తీసుకున్నాం. ప్లేటింగ్‌కి బయటికి పంపేవీ అంతే.

ఇంకా రాని పనిని ఎలా లెక్కపెట్టాలి

ఈ భాగంలోనే చాలాసేపు ఇరుక్కున్నాం. ఒక ఆర్డర్ ముందు కటింగ్, తర్వాత టర్నింగ్, మిల్లింగ్, చివర గ్రైండింగ్ అనుకుందాం. ఇవాళ వదిలితే గ్రైండింగ్‌కి చేరేసరికి ఎన్నో రోజులు పడుతుంది. మరి ఆ గ్రైండింగ్ గంటలను ఇవాళే గ్రైండింగ్ లోడ్‌లో వేయాలా?

మొత్తం వేస్తే, ఎప్పుడూ దారి చివర్లో వచ్చే గ్రైండింగ్ కాగితం మీద పొంగిపోతుంది, నిజానికి మెషిన్ ముందు నాలుగు పీసులే ఉంటాయి. అసలు వేయకపోతే, కొన్నాళ్లకు అన్నీ ఒకేసారి వచ్చి పడతాయి. హనోవర్‌లో బెష్టె, వీండాల్ దీనికి సంభావ్యత దారి పట్టారు: రాబోయే వ్యవధిలో ఆ పని ఆ సెంటర్‌కి చేరే అవకాశం ఎంతో, అంత శాతమే లెక్కలో వేయడం. గ్రోనింగెన్ వాళ్ల ఉపాయం ఇంకా తేలిక. ఆ సెంటర్ దారిలో ఎన్నో మజిలీయో ఆ అంకెతో గంటలను భాగించడం.

పై ఆర్డర్‌లో కటింగ్ 1 గంట, టర్నింగ్ 4, మిల్లింగ్ 3, గ్రైండింగ్ 6 అనుకోండి. రిలీజ్ అయిన క్షణం నుంచి కటింగ్ లోడ్‌లో 1, టర్నింగ్‌లో 4ను 2తో భాగించి 2, మిల్లింగ్‌లో 3ను 3తో భాగించి 1, గ్రైండింగ్‌లో 6ను 4తో భాగించి 1.5 చేరతాయి. ఒక్కో ఆపరేషన్ పూర్తయినప్పుడు ఆ సెంటర్ లోడ్‌లోంచి దాని వాటా తీసేస్తాం. తర్కం ఏమిటంటే, ప్రతి మజిలీలోనూ సుమారుగా ఒకేలా సమయం పడితే, రిలీజ్ నుంచి గ్రైండింగ్ పూర్తయ్యేదాకా పట్టే కాలంలో నాలుగో వంతు మాత్రమే ఈ ఆర్డర్ గ్రైండింగ్ దగ్గర ఉంటుంది. స్ప్రెడ్‌షీట్‌లో ఒక్క భాగహారం. సంభావ్యతల పట్టికను సూపర్‌వైజర్‌కి వివరించడం నావల్ల కాదు, దీన్ని మాత్రం ఐదు నిమిషాల్లో చెప్పగలిగాను.

ముందు కంప్యూటర్‌లో

ఫ్లోర్ మీద ప్రయోగం చేసేముందు పైథాన్‌లో సింపై లైబ్రరీతో చిన్న సిమ్యులేషన్ రాశాను. మా షాపు డేటా ఇంకా పచ్చిగానే ఉంది కాబట్టి, ఈ రంగం పరిశోధనల్లో తరచూ వాడే నమూనానే తీసుకున్నాను. ఆరు సెంటర్లు, ఒక్కో ఆర్డర్‌కి 1 నుంచి 6 ఆపరేషన్లు, సగటు 3.5. ఆపరేషన్ టైమ్ సగటు 1 యూనిట్. ప్రతి సెంటర్ 90 శాతం బిజీగా ఉండాలంటే ఆర్డర్ల మధ్య సగటు విరామం 3.5ను 6తో, ఆ వచ్చినదాన్ని 0.9తో భాగించాలి, అంటే సుమారు 0.648.

90 శాతమే ఎందుకంటే, అసలు బాధ మొదలయ్యేది అక్కడే. పాఠ్యపుస్తకాల్లోని సింగిల్ సర్వర్ క్యూలో 80 శాతం బిజీ దగ్గర సగటున 4 జాబులుంటే, 90 దగ్గర 9, 95 దగ్గర 19. మెషిన్‌ను ఇంకో ఐదు శాతం పిండుకుందామనే మేనేజర్లకు ఈ మూడు అంకెలూ ఫ్రేమ్ కట్టించి ఇవ్వాలి.

ఫలితం చూస్తే, గేటు పెట్టగానే ఫ్లోర్ మీద గడిపే సమయం పడిపోయింది. కానీ పూల్‌లో ఆగిన సమయాన్ని కూడా కలిపితే మొత్తం సమయం తగ్గలేదు. హద్దు బిగించేకొద్దీ పెరిగింది కూడా. ఇది నా కోడ్‌లో బగ్ కాదు, పరిశోధకులు దీన్ని వర్క్‌లోడ్ కంట్రోల్ ప్యారడాక్స్ అంటారు. నిజం షాపుల్లో లాభం కనబడుతుంది, సిమ్యులేషన్‌లో మొత్తం లీడ్ టైమ్ పెరుగుతుంది. కారణం లాగ్‌లో కనిపించింది. వారానికోసారి పూల్ తెరుస్తున్నాం. మధ్యలో డ్రిల్లింగ్ క్యూ ఖాళీ అయింది. డ్రిల్లింగ్‌తో మొదలయ్యే ఆర్డర్ పూల్‌లోనే ఉంది, కానీ దాని నాలుగో మజిలీలో గ్రైండింగ్ హద్దు దాటుతోందని ఆగిపోయింది. మెషిన్ ఖాళీ, పని గేటు బయట.

త్యూరర్, స్టీవెన్‌సన్, వాళ్ల సహ పరిశోధకులు 2012లో ప్రచురించిన లమ్స్ కోర్ (లాంకాస్టర్ యూనివర్సిటీ మేనేజ్‌మెంట్ స్కూల్ వాళ్ల సవరించిన ఆర్డర్ రిలీజ్) పద్ధతి సరిగ్గా దీనికే మందు. నిర్ణీత వ్యవధిలో మామూలు రిలీజ్ నడుస్తూనే ఉంటుంది. దానికి తోడు, ఏ సెంటర్ ముందైనా పని అయిపోతే పూల్‌లో ఆ సెంటర్‌తో మొదలయ్యే ఆర్డర్లలో అందరికంటే ముందున్నదాన్ని వెంటనే వదలాలి, వేరే చోట హద్దు దాటినా సరే. కోడ్‌లో కొన్ని లైన్లు చేర్చి మళ్లీ నడిపితే మొత్తం సమయం దిగింది, లేటయ్యే ఆర్డర్లు కూడా తగ్గాయి.

గేటు తనంతట తాను నిరీక్షణను మాయం చేయదు, ఇనుము రూపంలో ఉన్న నిరీక్షణను కాగితం రూపంలోకి మారుస్తుంది. కాగితంగా ఉన్నంతసేపూ ఆర్డర్‌ను ముందుకు జరపొచ్చు, కస్టమర్ డ్రాయింగ్ మారిస్తే చిరాకు లేకుండా మార్చొచ్చు, క్యాన్సిల్ చేస్తే స్క్రాప్ ఉండదు. ఒక్కసారి బార్ కోసేశాక ఆ వెసులుబాటు లేదు.

బోర్డు పెట్టాక

ఫ్లోర్ అంతటికీ కనబడే గోడ మీద సెంటర్‌కో నిలువు వరుస గీశాం. లోడ్‌ను బట్టి రంగు పట్టీ పైకి పెరుగుతుంది, హద్దు దగ్గర ఎర్ర గీత. రోజూ పొద్దున షిఫ్టు మొదలయ్యే ముందు సూపర్‌వైజర్, స్టోర్స్, ప్లానింగ్ ముగ్గురం బోర్డు దగ్గర నిలబడతాం.

పూల్‌లో వరుస కోసం ప్రతి ఆర్డర్‌కి ఒక రిలీజ్ తేదీ వేస్తాం. డెలివరీకి 20 రోజులుండి, 4 ఆపరేషన్లకు ఒక్కోదానికి 3 రోజుల చొప్పున 12 తీసేస్తే, ఇవాళ్టి నుంచి 8వ రోజు. ఆ తేదీ ముందున్నది ముందు. పై నుంచి ఒక్కొక్కటే చూసుకుంటూ వస్తాం. గ్రైండింగ్ హద్దు 36, ఇప్పటి లోడ్ 34 అనుకుందాం. మొదటి ఆర్డర్‌కి గ్రైండింగ్ 9 గంటలు, మూడో మజిలీ, వాటా 3. కలిపితే 37, ఆగుతుంది. రెండో ఆర్డర్ వాటా 1.5, కలిపితే 35.5, వెళ్తుంది.

ఇందులో ఒక అన్యాయం దాగుంది. చిన్న ఆర్డర్లు సందుల్లోంచి దూరిపోతుంటే పెద్దది అక్కడే నిలబడుతుంది. ఒక హౌసింగ్ ఆర్డర్ అలాగే వెనకబడుతుంటే, రిలీజ్ తేదీ దాటిన పెద్ద ఆర్డర్‌కి చోటు దొరికేదాకా దాని ఇరుకు సెంటర్ వాడే మిగతావాటిని ఆపాలని నియమం పెట్టుకున్నాం. దీనివల్ల కాస్త కెపాసిటీ ఖాళీ పోతుంది. పోనివ్వండి, పెద్ద ఆర్డర్ లేటైతే వచ్చే ఫోన్లతో పోలిస్తే అది నయం.

అసలు ప్రతిఘటన లెక్కల దగ్గర రాలేదు. మిల్లింగ్ ముందు కుప్ప తగ్గగానే సూపర్‌వైజర్‌కి టెన్షన్ మొదలైంది. “మెషిన్ ముందు పని కనబడకపోతే కుర్రాళ్లు స్లో చేస్తారు. పైనుంచి ఎవరైనా వచ్చి చూస్తే ఖాళీగా ఉన్నామనుకుంటారు” అన్నాడు. ఆయన మాట కొట్టిపారేసేది కాదు. ఆయన్ని ఇన్నాళ్లూ కొలిచింది మెషిన్ ఎంతసేపు తిరిగిందన్న అంకెతోనే. ఆ కొలమానం అలాగే ఉంచి గేటు పెడితే, ఆయన గేటును దాటే దారే వెతుకుతాడు. అందుకని రెండు పనులు చేశాం. నెలవారీ రిపోర్టులో మెషిన్ గంటల పక్కనే, టైమ్‌కి వెళ్లిన ఆర్డర్ల శాతాన్ని చేర్చాం. ఖాళీ అయిన సెంటర్ కోసం వెంటనే ఆర్డర్ వదిలించుకునే అధికారం ఆయన చేతికే ఇచ్చాం. మమ్మల్ని అడగక్కర్లేదు, బోర్డు మీద ఒక చుక్క పెడితే చాలు. ఆ చుక్క చేతికొచ్చాక వాదన చల్లబడింది.

దొడ్డిదారి ఇంకొకటి ఉంది: స్టోర్స్. కార్డు పూల్‌లో ఉన్నా మెటీరియల్ ముందే ఇష్యూ అయిపోయి, కటింగ్ దగ్గర బార్లు కోసేసి కనబడేవి. ఇప్పుడు బోర్డు మీద రిలీజ్ అయిన నంబర్‌కి తప్ప స్టోర్స్ మెటీరియల్ ఇవ్వదు. నిజానికి గేటు ఉన్నది బోర్డు దగ్గర కాదు, స్టోర్స్ కౌంటర్ దగ్గర.

అర్జెంట్ ముద్రను లాగేసుకున్నాం. దాని బదులు ఎర్ర ఫోల్డర్లు, చాలా కొద్ది. అన్నీ వాడుకలో ఉంటే కొత్త అర్జెంట్ కోసం పాతవాటిలో ఒకటి మామూలుగా మారాలి, అది ఏదో సేల్స్ వాళ్లే చెప్పాలి. మిగతా ఆర్డర్లకు మెషిన్ దగ్గర ఆపరేషన్ గడువు తేదీయే వరుస. క్యూలు పొట్టిగా ఉంటే ఎవరిని ముందు తీసుకోవాలన్న గొడవ కూడా పొట్టిదే.

పూల్ పొడుగవుతున్నప్పుడు

ఈ వారం పూల్ పెరిగింది. గేటు వల్లే అని సేల్స్ నుంచి విసుర్లు వచ్చాయి. లెక్క తీసి చూపించాం. మిల్లింగ్‌కి వారానికి 80 గంటల కెపాసిటీ ఉండగా 84 గంటల పని తీసుకుంటే, గేటు ఉన్నా లేకపోయినా వారానికి 4 గంటలు మిగిలిపోతూనే ఉంటాయి. గేటు లేనప్పుడు ఆ మిగులు ఫ్లోర్ మీద పాలెట్ల మధ్య కలిసిపోయేది, ఇప్పుడు ఒక్కచోట నిలబడి కనబడుతోంది. దీనికి విరుగుడు ఓవర్‌టైమ్, లేకపోతే టర్నింగ్‌లోంచి మిల్లింగ్ తెలిసినవాణ్ని మార్చడం, లేదా కొటేషన్ ఇచ్చేటప్పుడే ఇంకాస్త తర్వాతి తేదీ చెప్పడం. అందుకే లాంకాస్టర్ పద్ధతిలో అదుపు ఎంక్వైరీ దశ నుంచే మొదలవుతుంది. సేల్స్ వాళ్లకు ఇప్పుడు పూల్ గంటలు రోజూ వెళ్తున్నాయి. తేదీ చెప్పేముందు చూస్తున్నారా అంటే, కొందరు చూస్తున్నారు.

హద్దులు, ఇంకా తేలనివి

హద్దులను ఫార్ములాతో తేల్చలేదు. అప్పటికి ఫ్లోర్ మీదున్న లోడ్‌కి కాస్త కిందుగా మొదలుపెట్టి, దశలవారీగా దించుతున్నాం. సెంటర్ ఖాళీ అయిందని పెట్టే చుక్కలు తరచూ పడటం మొదలైతే ఆ సెంటర్‌లో ఒక మెట్టు పైకి. టర్నింగ్ ఇంకా దిగుతోంది. గ్రైండింగ్ ఒకచోట ఆగింది. డ్రిల్లింగ్‌కి అసలు హద్దే అవసరంలేదేమో అనిపిస్తోంది, అక్కడ ఎప్పుడూ ఇరుకు లేదు.

ఫర్నేస్ ముందు వేసుకున్న లెక్కకు లొంగడం లేదు. స్థిరమైన ఆలస్యం అనుకున్నాం కానీ, ఒకే ఉష్ణోగ్రత కావాల్సిన పార్టుల కోసం లోడ్ కూడేదాకా ఆపుతున్నారు, దాంతో బయటికి గుంపుగా వచ్చి గ్రైండింగ్ మీద పడుతున్నాయి. పూల్‌లోనే ఉష్ణోగ్రతను బట్టి జత చేసి వదిలితే ఎలా ఉంటుందో సిమ్యులేషన్‌లో చూస్తున్నాను.

మరొకటి అసెంబ్లీ ఆర్డర్లు. ఐదు పార్టులు కలిస్తేనే ఒక యూనిట్. నాలుగు వెళ్లి ఐదోది పూల్‌లో ఆగితే, ఆ నాలుగూ అసెంబ్లీ పక్కన ర్యాక్‌లో చోటు తింటాయి. ఐదింటినీ ఒకేసారి వదలాలా, లేక దారి పొడుగున్న దాన్ని ముందు వదిలి మిగతావాటిని దాని వెనక సర్దాలా అన్నది తేలలేదు. తేలేదాకా అసెంబ్లీ పార్టులు పాత పద్ధతిలోనే లోపలికి వెళ్తాయి, వాటి గంటలు మాత్రం బోర్డు మీద లోడ్‌లో కలుస్తాయి.